భీమిలి నుంచి బారువ దాకా చిన్న బోటులో: మధ్యలో గాలి లేస్తే ఎక్కడ దూరాలి?

నాగావళి_ఒడ్డు
మేం నలుగురం, అందరం శ్రీకాకుళం వాళ్లమే. ఒక స్నేహితుడి దగ్గర 22 అడుగుల ఫైబర్ బోటు ఉంది, ఔట్‌బోర్డు ఇంజనుతో. ఫిబ్రవరిలో భీమిలి దగ్గర దించి, తీరం పక్కనే చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు మీదుగా బారువ దాకా నింపాదిగా వెళ్లాలని ప్లాను. రాత్రిళ్లు ఒడ్డున టెంటు. చేపల వేట కాదు. పాటు సమయంలో (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) రాళ్ల మధ్య నీటి గుంటలు చూడటం, ఫొటోలు తీసుకోవడం, అంతే.

ఎవరిని అడిగినా "జాగ్రత్త బాబూ" అంటున్నారు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పడం లేదు. మ్యాప్‌లో నాగావళి, వంశధార, మహేంద్రతనయ మొగలు (నది సముద్రంలో కలిసే చోట్లు) కనిపిస్తున్నాయి. గాలి లేస్తే దగ్గర్లో ఉన్న మొగలోకి దూరిపోతే సరిపోదా? వాటిలో ఏది మంచిది?

జీడిపప్పు
టెంటులో ఇంకొకరికి చోటుంటే చెప్పండి. పలాస సరుకు నా ఖర్చు. ఈత మాత్రం రాదు.

ముక్కాం_కుర్రోడు
మాది భోగాపురం వైపు ముక్కాం. మా నాన్న ఇప్పటికీ వేటకెళ్తారు. మొగలోకి దూరిపోవడం అనే ఆలోచన ముందు తీసేయండి. గాలి లేని రోజు మొగ బాగానే ఉంటుంది. కెరటం లేచిన రోజు మాత్రం ఈ తీరంలో అన్నిటికంటే చెడ్డ చోటు అదే.

నది తెచ్చిన ఇసుక మొగ ముందు మెట్టలా పేరుకుని ఉంటుంది. దాని మీద నీళ్లు తక్కువ. బయట నుంచి మామూలుగా వచ్చే కెరటం అక్కడికి రాగానే కింద ఇసుక తగిలి నిటారుగా లేచి విరుగుతుంది. అదే సమయానికి పాటు నడుస్తుంటే నది నీళ్లు బయటికి, కెరటం లోపలికి, రెండూ ఎదురెదురుగా తగులుతాయి. ఆ మధ్యలో ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు.

ఇంకొకటి. మొగ ఈ ఏడాది ఉన్న చోటే వచ్చే ఏడాది ఉండదు. మీరు చూసిన మ్యాప్ ఫొటో ఎప్పటిదో చూడండి. ఫిబ్రవరికి నదుల్లో నీళ్లు తగ్గి మొగలు సన్నబడిపోతాయి. కోనాడ దగ్గర చంపావతి మొగను మీరు లెక్కలోనే వేసుకోలేదు, అదీ అంతే.

మా వాళ్ల పద్ధతి ఒకటే. అనుమానం ఉంటే బయలుదేరరు. బయలుదేరాక అనుమానం వస్తే దగ్గర్లో ఏ ఊరుంటే ఆ ఊరి ఒడ్డుకు ఎక్కించేస్తారు. ఆ ఊరివాళ్లు వచ్చి ఓ చెయ్యి వేస్తారు. ట్రాక్టరుంటే ట్రాక్టరుతో లాగేస్తారు.

నాగావళి_ఒడ్డు
ఒడ్డు దగ్గరా కెరటాలు విరుగుతాయి కదా అన్నా. మొగ కంటే అది తేలికా?

ముక్కాం_కుర్రోడు
తేలిక అనను. అలవాటున్న పని. కెరటాలు వరసలుగా వస్తాయి. పెద్దవి కొన్ని వచ్చాక కాసేపు నెమ్మదిస్తుంది. విరిగే చోటుకు బయటే బోటు ఆపి ఆ లెక్క చూడాలి. పెద్ద వరస పోయాక ఒక కెరటం వీపు వెనకే లోపలికి రావాలి, దాన్ని దాటి ముందుకు పోకూడదు, వెనక వచ్చేదానికి దొరకకూడదు. బోటు అడ్డం తిరిగితే బోల్తానే. నేల తగిలే లోపు ఇంజను పైకెత్తాలి, లేకపోతే ఫ్యాను (ప్రొపెల్లరు) పోతుంది.

మీ నలుగురిలో ఇది ఎవరికి వచ్చు? ఎవరికీ రాకపోతే ముందు ఏదైనా ఊళ్లో మా వాళ్లతో కలిసి నాలుగు సార్లు దించి ఎక్కించండి. తర్వాత మాట్లాడుకుందాం.

డెక్కు_మీద
మర్చంట్ నేవీలో పని చేస్తున్నా, సొంతూరు గార. పై పోస్టులో మొగ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ గాలి లేవగానే ఒడ్డుకు పరిగెత్తడం అన్నిసార్లూ సరికాదు. లోతు నీళ్లలో అల ఎత్తుగా ఉన్నా విరగదు, కింద నుంచి దాటిపోతుంది. ప్రమాదం మొదలయ్యేది లోతు తగ్గే చోటే. కాసేపట్లో పోయే గాలి అయితే ముక్కును అలకు ఎదురుగా పెట్టి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ బయటే ఆగడం మేలు.

దూరాలు కూడా చూసుకోండి. భీమిలి నుంచి కళింగపట్నం గీత గీసినట్టు వెళ్లినా 85 కిలోమీటర్ల పైనే. ఆరు నాట్ల (గంటకు సుమారు 11 కిలోమీటర్లు) వేగంతో వెళ్తే దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని గొప్పగా చెప్పుకుంటాం. కానీ విశాఖ దాటాక గోపాల్‌పూర్ దాకా, గాలి ఎటు వీచినా లోపలికెళ్లి నిశ్చింతగా లంగరు వేసుకునే సహజమైన రేవు ఒక్కటీ లేదు. మన తీరం దాదాపు తిన్నని గీత. తలదాచుకోవడానికి వంపు లేదు, దీవి లేదు.

ముక్కాం_కుర్రోడు
సార్, ఓడ సూత్రం 22 అడుగుల బోటుకు పనికిరాదు. బయట ఆగాలంటే పెట్రోలు ఉండాలి, నీళ్లు తోడే మనిషి ఉండాలి, వాంతులు చేసుకోని మనిషి కూడా ఒకడుండాలి.

డెక్కు_మీద
చివరి పాయింటుకు నా దగ్గర సమాధానం లేదు.

జీడిపప్పు
వాంతుల పోస్టు చూశాక నా టిక్కెట్టు క్యాన్సిల్. సరుకు మాత్రం పంపిస్తా.

కళింగ_దీపం
మూలపేట పోర్టును మర్చిపోయారేంటి? సంతబొమ్మాళి మండలంలో 2023లో పనులు మొదలుపెట్టారు. సముద్రంలోకి పెద్ద పెద్ద రాళ్ల గట్లు వేస్తున్నారు. గాలి వస్తే ఆ గట్టు వెనక్కి వెళ్తే చాలదా?

డెక్కు_మీద
పనులు జరిగే చోటికి ఊరికే దూరితే భద్రత వాళ్లు ఊరుకోరు. తవ్వే ఓడలు, పైపులు, బార్జిలు తిరుగుతుంటాయి. ప్రాణం మీదికి వస్తే ఎవరూ కాదనరనుకోండి. ప్లానులో మాత్రం దాన్ని రాసుకోకండి.

భావనపాడు_బావ
మా ఊరి ఉప్పుటేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. నౌపడ ఉప్పు మళ్ల వైపు నుంచి వచ్చి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. మా బోట్లు అందులోనే కట్టుకుంటాం. లోపలికి వచ్చాక నీళ్లు పలకలా ఉంటాయి. రావడమే కష్టం. పోటు మీదే రావాలి, దారి తెలిసినవాడు ముందుండాలి. నేరుగా ఏటి నోటికి ఎదురుగా రావద్దు, ఇసుక ఎటు జరిగిందో బయటివాళ్లకు తెలియదు. మా వాళ్ల బోటు ఒకటి ముందు వెళ్తుంటే దాని వెనకే రండి. అదే చార్టు అనుకోండి.

తేలినీలాపురం కూడా దగ్గరే. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చే కాలం అదే. గాలి ఉన్న రోజు కూర్చుని బాధపడే బదులు పిట్టల్ని చూసుకోవచ్చు.

నాగావళి_ఒడ్డు
ఇదీ నాకు కావలసిన సమాచారం. బావగారికి థాంక్స్. ఇలాగే కళింగపట్నం, బారువ దగ్గర పరిస్థితి ఎవరైనా చెప్పండి.

ఉద్దానం_కొబ్బరి
సమాచారం తర్వాత. గాలి అనే మాటను ఇంత తేలిగ్గా వాడుతున్నందుకు నాకు కోపంగా ఉంది. మాది వజ్రపుకొత్తూరు దగ్గర. తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాం. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. పొద్దున లేచి చూస్తే కొబ్బరి, జీడి, పనస ఏదీ నిలబడి లేదు. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసా? మా ఇంట్లో దాని లెక్క ఇంకా తేలలేదు.

మీరేమో దగ్గర్లో ఏ మొగ మంచిది అని అడుగుతున్నారు. తుపానులో ఏ మొగా మంచిది కాదు, ఏ గట్టూ మంచిది కాదు. రోడ్డెక్కి లోపలి ఊరికి వెళ్లిపోవడమే.

నాగావళి_ఒడ్డు
అన్నా, తుపాను హెచ్చరిక ఉండగా వెళ్తామని నేను ఎక్కడా అనలేదు. మామూలు గాలి గురించే అడిగాను.

ఉద్దానం_కొబ్బరి
సరే. కానీ మామూలు గాలి అని మొదలైనదే రెండు రోజుల్లో అలా అయింది. తిత్లీ అక్టోబరు 8న వాయుగుండం. 10వ తేదీకల్లా అతి తీవ్ర తుపాను.

గాలిమర
వాతావరణం నా పిచ్చి, ఉద్యోగం కాదు. ఉద్దానం అన్న చెప్పిన తేదీలు కరెక్టే. ఆ తొందరే బంగాళాఖాతం స్వభావం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, ఫైలిన్ అంతకు ముందు ఏడాది సరిగ్గా అదే తేదీన గోపాల్‌పూర్ దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన. అన్నీ సెప్టెంబరు చివర, అక్టోబరు. ఫిబ్రవరిలో తుపాను రావడం చాలా అరుదు. ఆ లెక్కన మీరు నెల బాగానే ఎంచుకున్నారు.

ఫిబ్రవరిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది తుపాను కాదు, మధ్యాహ్నం గాలి. పొద్దున సముద్రం అద్దంలా ఉంటుంది. నేల వేడెక్కాక సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. నెలాఖరుకు దక్షిణం, నైరుతి వైపు నుంచి బలం పుంజుకుంటుంది. తెల్లారగానే బయలుదేరి పదకొండు లోపు ఒడ్డెక్కేలా రోజులు కట్టుకోండి. అంటే భీమిలి నుంచి ఒకే ఊపున కళింగపట్నం కుదరదు. మధ్యలో చింతపల్లి దగ్గర, ఆ తర్వాత బుడగట్లపాలెం దగ్గర ఆగాలి.

వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక గాలి గంటకు 45 కిలోమీటర్లు చేరే స్థాయికి. అది మీకు గీత కాదు. మీ బోటుకు 25 దాటితేనే కష్టం. హెచ్చరిక లేదు కాబట్టి వెళ్లొచ్చు అనే తర్కం పెట్టుకోకండి.

ఇంకొకటి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల సూచన చూడండి. గాలి సున్నా ఉన్న రోజు కూడా దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన ఉబ్బు ఇక్కడిదాకా వస్తుంది. చూడటానికి సముద్రం మెత్తగా ఉంటుంది, ఒడ్డు దగ్గర మాత్రం కెరటం బండలా పడుతుంది. సూచనలో అల ఎత్తు ఒక్కటే చూస్తారు జనం. దాని పక్కనే సెకన్లలో రాసే అంకె, అంటే అలకూ అలకూ మధ్య సమయం కూడా చూడాలి. అది పన్నెండు, పద్నాలుగు అలా ఉంటే ముక్కాం కుర్రోడు చెప్పిన దిగడం ఎక్కడం పని ఆ రోజు పెట్టుకోకండి.

ముక్కాం_కుర్రోడు
ఈ అంకె సంగతి నాకూ తెలియదు. మా నాన్న ఒడ్డున నిలబడి కెరటం చప్పుడు విని చెప్పేస్తారు. ఫోనులో ఏముందో చూపిస్తే "అదే కదా నేనన్నాను" అంటారు.

జీడిపప్పు
నాన్నగారికి యాప్ చేయించండి.

సోంపేట_ట్యూషన్
రేవుల్లో ఎగరేసే నంబర్ల మాటేమిటి? టీవీలో "కళింగపట్నంలో మూడో నంబరు" అంటారు. మూడంటే భయపడాలా, పదంటేనా?

గాలిమర
మొత్తం పదకొండు. ఒకటి, రెండు ఎక్కడో దూరంగా సముద్రంలో ఏదో ఉందని. మూడు, నాలుగు ఆ రేవుకే ఈదురు గాలుల ముప్పు. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. చిన్న బోటు వాళ్లు ఒకటో నంబరు చూసినా బోటు ఒడ్డెక్కించేయాలి.

సంతబొమ్మాళి_రథం
మీరు భయపడుతున్నారు గానీ తుపాను వల్ల మాకు బంగారు రథం వచ్చింది. 2022 మేలో అసని సమయంలో సున్నాపల్లి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మయన్మార్ వైపుదని అన్నారు. ఊరంతా సెల్ఫీలే.

ఉద్దానం_కొబ్బరి
బంగారు రంగు రథం. బంగారం కాదు. ఆ తేడా తెలియక ఎంతమంది బళ్లేసుకుని వచ్చారో.

డెక్కు_మీద
రథం సరదానే కానీ అందులో మీకు పనికొచ్చే విషయం ఉంది. తీరం వెంట నీటి ప్రవాహం బలమైనది. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా మన తీరం వెంట నీరు ఉత్తరానికి, అంటే భీమిలి నుంచి బారువ వైపు నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. కాబట్టి మీరు ఎంచుకున్న దిక్కు సరైనది, నీరే కొంత తోస్తుంది. తిరుగు ప్రయాణం సముద్రం మీద పెట్టుకోకండి, బోటును లారీ మీద వేసుకుని రండి.

ఇంజను ఆగిపోతే ఆ నీరే మిమ్మల్ని ఒడిశా వైపు తీసుకుపోతుంది. అందుకని లంగరు, పొడుగాటి తాడు ఉండాలి. చాలామంది సరదా బోట్ల వాళ్లు ఆ రెండూ మోయరు. ఫోను సిగ్నలు మీద ఆధారపడొద్దు, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఒకటి తీసుకోండి, 16వ ఛానల్ మీద పెట్టుకోండి. కోస్ట్ గార్డు నంబరు 1554, నలుగురి ఫోన్లలోనూ వేసుకోండి.

పీతల_మాస్టారు
గాలి గోల అయిందా? అసలు ఉద్దేశం నీటి గుంటలు కదా, వాటి గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. జువాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, భరించండి.

ముందు చేదు వార్త. శ్రీకాకుళం తీరం దాదాపు అంతా ఇసుక. బారువ, కళింగపట్నం వెళ్లి రాళ్ల గుంటలు వెతికితే నిరాశే. రాళ్లు కావాలంటే భీమిలికి దక్షిణాన మంగమారిపేట, తొట్లకొండ కింద, లేదా విజయనగరం జిల్లాలో చింతపల్లి వైపు. అంటే మీ ప్రయాణంలో గుంటల భాగం మొదట్లోనే అయిపోతుంది. నన్నడిగితే భీమిలిలోనే రెండు రోజులు ఎక్కువ ఉండండి. బోటు అక్కర్లేదు, ఆటో చాలు.

మన దగ్గర పోటుకు పాటుకు తేడా పెద్దగా ఉండదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మీటరున్నర లోపు. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు, వెళ్లి దండగ. గుజరాత్ వాళ్లలా కిలోమీటర్ల కొద్దీ నేల బయటపడదు. అందుకే రోజు ఎంపిక ముఖ్యం. అమావాస్య లేదా పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు మంచివి. విశాఖ రేవు పోటుపాట్ల పట్టిక దొరుకుతుంది, దాన్నే వాడండి. రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పాటు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందే అక్కడ ఉండి, దిగుతున్న నీళ్ల వెంట దిగండి. నీళ్లు తిరిగాయంటే బయటికి నడక మొదలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన తీరంలో సముద్ర మట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, మార్చి ప్రాంతంలో తక్కువ. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో అదే అమావాస్యకు ఇంకాస్త కిందిదాకా రాళ్లు కనిపిస్తాయి.

ఏం చూడాలి? రాయి పైభాగంలో, తుంపర మాత్రమే తగిలే చోట చిన్న చిన్న నత్తలు గుంపులుగా ఉంటాయి. దాని కింద రాతికి సిమెంటు వేసినట్టు అంటుకున్న తెల్లటి గుల్లలు. అవి నత్తల జాతి కాదు, రొయ్యలు పీతలకు చుట్టాలు. నీళ్లలో మునిగినప్పుడు ఆ గుల్ల మూత తెరిచి ఈకలాంటి కాళ్లతో తిండి లాక్కుంటాయి. గుంట పక్కన కదలకుండా కూర్చుంటే కనిపిస్తుంది. ఇంకా కిందికి పచ్చటి ఆలిచిప్పలు, సముద్రపు పూలు (ముట్టుకుంటే ముడుచుకుంటాయి, ముట్టుకోకండి), సన్యాసి పీతలు, ముళ్ల బంతులు, అదృష్టం ఉంటే చిన్న ఆక్టోపస్.

రాయి ఎత్తి చూస్తే ఎలా ఉందో అలా మళ్లీ పెట్టండి. కింది వైపు బతికేవి వేరు, పై వైపు బతికేవి వేరు. తిరగేసి వదిలేస్తే రెండూ చస్తాయి.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చేతితో ముట్టుకోకూడనివి ఏవి?

పీతల_మాస్టారు
శంకువు ఆకారంలో, పైన అందమైన గీతలున్న గవ్వను ప్రాణంతో ఉన్నప్పుడు తీయొద్దు. దానికి విషపు సూది ఉంటుంది. రాయిలా కనిపించే చేపలు కొన్ని ఉన్నాయి, వీపు మీద విషపు ముళ్లు. అందుకే ఉత్త కాళ్లతో దిగొద్దు, గట్టి బూటు వేసుకోండి. ఇసుక నీళ్లలో నడిచేటప్పుడు పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవండి, టేకు చేప ఉంటే ముందే తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు పామును "చచ్చిపోయింది" అని కర్రతో తిప్పేవాళ్లు ఉంటారు. అది కొన్నిసార్లు చచ్చి ఉండదు.

సముద్రపు దోసకాయలు, సముద్రపు గుర్రాలు, పగడాలు చట్టం కింద రక్షణలో ఉన్నవి. గుర్తుగా ఉంటుందని ఇంటికి తెచ్చుకుంటే కేసే.

బారువ_బుల్లోడు
మాస్టారు మా బారువను తీసిపారేశారు. ఇసుకే కావొచ్చు, కానీ ఒడ్డుకు దగ్గర్లో నీళ్లలో మునిగిన పాత ఓడ ఉంది. డైవింగ్ వాళ్లు వెళ్తుంటారు. గుంట లేకపోతేనేం, ఓడ ఉంది.

పీతల_మాస్టారు
తీసిపారేయలేదు నాయనా. ఇసుకలో రాళ్లు లేవన్నాను, అంతే. పాటు తీసినప్పుడు ఒడ్డున ఇసుక పళ్లాల్లో నీళ్లు నిలుస్తాయి కదా, వాటిలోనూ చూడటానికి చాలా ఉంటుంది. భావనపాడు ఉప్పుటేటి బురదలో ఒక డెక్క పెద్దగా, ఒక డెక్క చిన్నగా ఉండే పీతలు చేతులు ఊపుతుంటాయి, ఆ మగ పీతల హడావుడి చూడండి, గంట గడిచిపోతుంది.

చింతపల్లి_లైటు
చింతపల్లి వాడిగా ఒక హెచ్చరిక. మా దగ్గర లైట్‌హౌస్ ఎందుకు కట్టారనుకుంటున్నారు? ఒడ్డుకు దూరంగా, సముద్రంలో, నీళ్ల కింద రాళ్లు ఉన్నాయి. శాంతపిల్లి రాళ్లు అంటారు. భీమిలి వైపు వచ్చే ఓడలు వాటికి తగలకుండా ఉండటానికే ఆ దీపం. స్కూబా వాళ్లకు అవి స్వర్గం, మీకు కాదు. ఉబ్బు ఉన్న రోజు వాటి మీద కెరటం హఠాత్తుగా లేస్తుంది. చూద్దామని దగ్గరికి పోవద్దు, మా ఊరి బోటు వాళ్లను తోడు తీసుకోండి.

ఇంకా, తెల్లారకముందు బయలుదేరితే వలలు చూసుకోండి. రాత్రి వేసిన వలల తేలుళ్లు చీకట్లో కనపడవు. ఫ్యానుకు చుట్టుకుంటే మీ ఇంజను పోతుంది, మా వల పోతుంది. మీ ఇంజను గురించి మాకు పెద్ద బాధ లేదు.

వెరావల్_నుంచి
నేను ఎచ్చెర్ల మండలం, పని గుజరాత్‌లో. ఇక్కడ సరదాకి సముద్రం మీదికెళ్లే వాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మన ఉత్తరాంధ్ర వాళ్లు 2018లో ఇక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు దొరికి, 2020 జనవరికి గానీ ఇంటికి రాలేదు. మన దగ్గర సరైన జెట్టీలు, హార్బర్లు ఉంటే అసలు ఇంత దూరం ఎందుకొస్తాం? గాలి వస్తే ఎక్కడ దూరాలి అని మీరు అడుగుతున్నది మా తాతల నాటి ప్రశ్న. వెళ్లండి, కాదనను. వెళ్లొచ్చి అక్కడ ఏం లేదో కూడా రాయండి.

భావనపాడు_బావ
బాగా అన్నావు తమ్ముడూ. హార్బరు వస్తుంది వస్తుంది అని చిన్నప్పటి నుంచి వింటున్నా.

కవిటి_సుధ
అందరూ పగటి సంగతే చెప్తున్నారు. రాత్రి టెంటు మాట నేను చెప్తాను. ఫిబ్రవరి అంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే కాలం. మన జిల్లా అంతా వస్తాయి. టార్చి వెలుగు, మంట, పాటలు ఉంటే తాబేలు సగం దూరం వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. మీరు టెంటు వేసిన చోటే దాని గూడు ఉండొచ్చు, పై నుంచి చూస్తే తెలియదు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. దయచేసి ఇసుక మీద వద్దు. ఊళ్లోని తుపాను షెల్టరో, సత్రమో, తెలిసినవాళ్ల అరుగో చూసుకోండి.

నాగావళి_ఒడ్డు
సుధ గారూ, ఇది మాకు తట్టనే లేదు. అయితే టెంట్లు ఇంట్లోనే వదిలేస్తాం. ఒడ్డున చనిపోయిన తాబేళ్లు కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

కవిటి_సుధ
అటవీ శాఖ వాళ్లకు. ఫొటో తీసి, ఏ ఊరి దగ్గరో రాసి ఇవ్వండి. ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయేవే ఎక్కువ.

పోర్టు_కాలనీ
పర్మిషన్ల గురించి ఎవరూ రాయలేదు. మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ ఉన్న బోటు వేట కోసం. అందులో స్నేహితులను ఎక్కించుకుని షికారు చేయడం వేరే సంగతి. మీ స్నేహితుడి బోటు కాగితాలు ఏ రకమో ముందు చూడండి. చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువల్లో మెరైన్ పోలీసు స్టేషన్లు ఉన్నాయి. మనుషుల పేర్లు, ఆధార్, ఏ రోజు ఎక్కడ అన్నది రాసి ముందే ఇవ్వండి. ముంబయి దాడుల తర్వాత తీరంలో తెలియని బోటు కనిపిస్తే ఊరుకోరు.

లైఫ్ జాకెట్ల మీద ఒక మాట. పోయిన ఏడాది ఒక చోట (పేరు వద్దు) మా పిల్లలను బోటు ఎక్కిస్తూ జాకెట్లు సీటు కింద మడిచి పెట్టారు. అడిగితే "పోలీసులు వస్తే వేసుకుంటారండీ" అన్నాడు. వెంటనే దిగిపోయాం. కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత కూడా ఇదే వరస.

గాలిమర
ఇంకో ముక్క. ఏదైనా కారణంతో మీ ప్రయాణం ఏప్రిల్‌కు జరిగిందనుకోండి, రెండు చిక్కులు. 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మీరు వేటకు వెళ్లకపోయినా ఇంజను బోటు కనిపిస్తే ఆపుతారు. పైగా ఒడ్డున దించడానికి, ఎక్కించడానికి సాయం చేసే బోట్లు కూడా నీళ్లలో ఉండవు. రెండోది, ఏప్రిల్, మేలో సాయంత్రాలు కొండల వైపు నుంచి వచ్చే ఉరుముల గాలి. అది నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు పక్కన అల లేవదు కాబట్టి ఏమీ కాలేదనిపిస్తుంది, ఈలోపు బోటును బయటికి తోసేస్తుంది. మబ్బు పడమట నల్లబడితే ఒడ్డుకు దగ్గరగా ఉండటం కాదు, ఒడ్డు మీద ఉండాలి.

డెక్కు_మీద
దీనితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. పైన నేను బయటే ఆగండి అన్నది ఈ గాలికి వర్తించదు.

ముక్కాం_కుర్రోడు
హమ్మయ్య, సార్ ఒడ్డెక్కారు.

నాగావళి_ఒడ్డు
ఇప్పటిదాకా అందరూ చెప్పినదాన్ని బట్టి ప్లాను మార్చాం. భీమిలి, మంగమారిపేట రాళ్లు రోడ్డు మీదే వెళ్లి అమావాస్య తర్వాత చూస్తాం. బోటు ముక్కాంలో దించి కొన్నాళ్లు అక్కడే దిగడం ఎక్కడం నేర్చుకుంటాం (కుర్రోడుగారూ, మీ నాన్నగారిని అడిగి చెప్పండి, కూలి ఇస్తాం). తర్వాత ముక్కాం నుంచి చింతపల్లి, చింతపల్లి నుంచి బుడగట్లపాలెం, అక్కడి నుంచి కళింగపట్నం. పొద్దున మాత్రమే. అక్కడిదాకా బాగా జరిగితే భావనపాడు. బారువ ఈ ఏడాది లేదు.

బారువ_బుల్లోడు
అన్యాయం.

భావనపాడు_బావ
రండి. పోటు టైము చూసి ఫోను చేస్తే మా బోటు ఒకటి బయటికి పంపిస్తా. భోజనం కవ్వళ్ల పులుసు. చందువా అడగొద్దు, ఆ రేటు నాకే గిట్టుబాటు కావడం లేదు.

ముక్కాం_కుర్రోడు
నాన్నను అడిగా. కూలి వద్దు, పెట్రోలు పోయించుకోండి అన్నారు. ముందు ఇంజను షాఫ్టు పొడుగుదా పొట్టిదా చూసి చెప్పమన్నారు. పొట్టిదైతే కెరటం మీద ఫ్యాను గాల్లో తిరుగుతుంది, అలాంటి బోటును ఆయన నీళ్లలో దించనివ్వరు.

నాగావళి_ఒడ్డు
పొడుగుదే. కొన్న చోట బిల్లు మీద కూడా రాసి ఉంది, ఫొటో పంపిస్తున్నా.